పాత బండికి సొంతంగా సర్వీసింగ్: ఏ పని ముందు, ఏ పని తర్వాత

పాత మోటార్‌సైకిల్ స్లోలో (యాక్సిలరేటరు వదిలేసినప్పుడు) నిలబడకపోయినా, పికప్ తగ్గినా చాలామంది స్క్రూడ్రైవర్ పట్టుకుని తిన్నగా కార్బురేటర్ దగ్గర కూర్చుంటారు. సర్వీసింగ్‌లో ఆఖరున ముట్టుకోవలసింది అదే. ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయినా, టాపెట్ (గాలి, పొగ దారులు తెరిచి మూసే వాల్వుల్ని నొక్కే మర) బిగుసుకున్నా, పాయింట్ల (ప్లగ్గుకి నిప్పు అందించే స్విచ్ లాంటి భాగం) గ్యాప్ మారినా రోగం కార్బురేటర్‌దే అనిపిస్తుంది. ఏదో ఒక స్క్రూ తిప్పి సర్దేస్తే ఆ పూటకి బండి నడుస్తుంది, అసలు లోపం మాత్రం లోపలే ఉండిపోతుంది. అందుకే ఇక్కడ పనులన్నీ చేయవలసిన వరుసలోనే చెబుతున్నాం. కొన్ని వేడి ఇంజన్ మీద చేయాలి, కొన్ని చల్లారిన ఇంజన్ మీద. వరుస తప్పితే చేసిన పనే మళ్ళీ చేయాల్సి వస్తుంది.

ఇదంతా గాలితో చల్లబడే, కార్బురేటర్ ఉన్న, ఒకే సిలిండర్ ఫోర్ స్ట్రోక్ బండ్ల గురించి. సుమారు 100 నుంచి 350 సీసీ దాకా పద్ధతి ఇంచుమించు ఒకటే. టూ స్ట్రోక్ బండి అయితే టాపెట్ల పని ఉండదు, కింద పోసేది గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రమే, మిగతాదంతా వర్తిస్తుంది. ఇక్కడ ఇచ్చిన అంకెలు మామూలుగా ఉండేవి. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ఖాయం.

సర్వీసింగ్ 2,000 నుంచి 3,000 కిలోమీటర్లకోసారి, తక్కువ తిరిగే బండి అయితే ఆరు నెలలకోసారి పెట్టుకోండి. పని రెండు పూటలుగా విడగొడితే తేలిక: సాయంత్రం ఆయిల్ దించడం, మర్నాడు పొద్దున మిగతావి.

పనిముట్లు

8, 10, 12, 14, 17, 19 సైజుల రింగ్ పానాలు, ప్లగ్గు పానా, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకులు), మల్టీమీటర్, వెడల్పాటి పళ్ళెం, నూలు పోగులు రాలని పాత గుడ్డలు. వీలైతే టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా). పాత బండ్లలో అరిగి పాడైన భాగాల కంటే అతిగా బిగించి పాడుచేసిన మరలే ఎక్కువ కనిపిస్తాయి. అల్యూమినియంలోకి వెళ్ళే 6 మిల్లీమీటర్ల బోల్టుకి 10 న్యూటన్ మీటర్లు చాలు, 8 మిల్లీమీటర్లదానికి 22 దాకా. ఆరు మిల్లీమీటర్ల బోల్టుని పొడుగు పానాతో భుజబలం పెట్టి తిప్పితే మర లోపలే చిరుగుతుంది. పానాని బోల్టు తలకి దగ్గరగా పట్టుకుని మణికట్టు బలంతోనే బిగించడం అలవాటు చేసుకోండి.

జపాన్ డిజైను ఇంజన్ల పక్క కవర్లకి ఉండే ప్లస్ స్క్రూలు మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్‌కి సరిగ్గా అమరవు. అవి జిస్ అనే జపాన్ ప్రమాణానివి. చాలావాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్ కొన పైకి జారి గాడిని కొరికేస్తుంది. జిస్ కొన ఉన్న స్క్రూడ్రైవర్, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటే పాతికేళ్ళుగా కదలని స్క్రూ కూడా వస్తుంది.

కడిగే ముందు చూడండి

బండి శుభ్రంగా కడిగి పని మొదలుపెట్టాలనిపిస్తుంది కానీ, కడిగితే ఆనవాళ్ళు పోతాయి. ముందు టార్చి వేసి చూడండి. టాపెట్ మూతల చుట్టూ తడి ఉందా? చిన్న స్ప్రాకెట్ కవర్ కింద కారుతోందా? ఫోర్క్ గొట్టం మీద నూనె చార ఉందా? పెట్రోలు పైపు వంగినచోట బీటలున్నాయా? ఇవన్నీ రాసిపెట్టుకుని అప్పుడు కడగండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, సైలెన్సర్ నోరు, ఇగ్నిషన్ స్విచ్ మీదకి నీళ్ళ ధార పోనివ్వకండి.

సాయంత్రం: ఆయిల్ దించడం

నాలుగైదు కిలోమీటర్లు తిప్పుకొచ్చి డబుల్ స్టాండ్ వేయండి. వేడి ఆయిల్ పల్చగా ఉండి అడుగున పేరుకున్న మురికిని వెంటబెట్టుకుని దిగుతుంది. చెయ్యి కాలేంత వేడి అక్కర్లేదు, పది నిమిషాలు ఆగి మొదలుపెట్టవచ్చు. పైన ఆయిల్ మూత ముందు తీయండి. గాలి ఆడకపోతే ఆయిల్ గుటకలు గుటకలుగా దిగుతుంది. తర్వాత కింద డ్రెయిన్ బోల్టు వదులు చేసి, చివరి రెండు మూడు మరలు వేళ్ళతో పైకి నొక్కిపట్టి తిప్పి, ఒక్కసారిగా పక్కకి లాగండి. ఆయిల్ పళ్ళెంలో పడుతుంది, మోచేతి మీదకి కారదు.

దిగిన ఆయిల్‌ని వేళ్ళ మధ్య రాసి చూడండి. నల్లగా ఉండడం తప్పు కాదు. వెలుతురులో వెండి పొడిలా సన్నగా మెరిస్తే కొంత అరుగుదల మామూలే. గోరుకి తగిలే ముక్కలు వస్తే మాత్రం ఇంజన్ విప్పి చూడాల్సిన సంగతి. పాలు కలిపిన రంగులో ఉంటే లోపల తేమ చేరింది. రోజూ కిలోమీటరో రెండో మాత్రమే తిరిగే బండిలో ఇది ఎక్కువ, ఎందుకంటే ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆగిపోతుంది.

అడుగున జాలీ ఉంటే తీసి కిరసనాయిలులో కడగండి. చాలా చిన్న ఇంజన్లలో కాగితం ఫిల్టర్ ఉండదు. కుడి కవర్ వెనక గుండ్రంగా తిరిగే డబ్బా ఉంటుంది. తిరిగే వేగానికి బరువైన మురికి దాని గోడకి అంటుకుని బంకమట్టిలా గట్టిపడుతుంది. 10,000 కిలోమీటర్లకోసారి ఆ కవర్ తీసి దాన్ని గీకి శుభ్రం చేయాలి, గాస్కెట్ కొత్తది వేయాలి. ఇది ప్రతి సర్వీసింగ్‌లో చేసే పని కాదు, కానీ ఎప్పుడూ చేయని బండ్లే ఎక్కువ.

బోల్టు తీసే ఉంచి రాత్రంతా ఆయిల్ కారనివ్వండి. తాళంచెవి తీసి దాచేయండి, హ్యాండిల్‌కి ‘ఆయిల్ లేదు’ అని చీటీ కట్టండి. ఇంట్లో ఎవరో వచ్చి అలవాటుగా కిక్ కొడితే ఖర్చు ఆయిల్‌తో పోదు. దించిన ఆయిల్ కాలవలో పోయకుండా డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

పొద్దున: టాపెట్లు

రాత్రంతా చల్లారిన ఇంజన్ టాపెట్లకి సరిగ్గా సరిపోతుంది. వేడి మీద చూసిన గ్యాప్ లెక్కలోకి రాదు.

ముందు ప్లగ్గు తీయండి. తీసే ముందు చుట్టూ ఉన్న గుంటలో మట్టి ఊదేయాలి, లేకపోతే అది తిన్నగా సిలిండర్లో పడుతుంది. ప్లగ్గు తీస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఎడమ కవర్ మీద ఉండే రెండు మూతలు తీస్తే ఒకదాంట్లోంచి క్రాంక్ బోల్టు, రెండోదాంట్లోంచి మాగ్నెట్ (క్రాంక్‌తో పాటు తిరిగే అయస్కాంత చక్రం) మీద గుర్తులు కనిపిస్తాయి. కవర్‌కి అలాంటి మూతలు లేకపోతే టాప్ గేరు వేసి వెనక చక్రాన్ని ముందుకు తిప్పినా అదే పని జరుగుతుంది.

మాగ్నెట్ మీద ‘టి’, ‘ఎఫ్’ అని రెండు గుర్తులుంటాయి. ‘ఎఫ్’ నిప్పు పడే చోటు, టాపెట్లకి పనికిరాదు. ‘టి’ అంటే పిస్టన్ పూర్తిగా పైన ఉన్నట్టు. అయితే పిస్టన్ పైకి వచ్చేది రెండుసార్లు. ఒకసారి కంప్రెషన్‌లో (గాలి, పెట్రోలు నొక్కుకునేటప్పుడు), ఒకసారి పొగ బయటికి పోయేటప్పుడు. మనకి కావలసింది కంప్రెషన్‌లోది. ఇంజన్ తిరిగే వైపుకే నెమ్మదిగా తిప్పుతూ ఇన్‌టేక్ రాకర్‌ని (గాలి లోపలికి వదిలే వాల్వుని నొక్కే చెయ్యి) చూడండి. అది కిందకి నొక్కుకుని మళ్ళీ పైకి వచ్చిన తర్వాత ఎదురయ్యే మొదటి ‘టి’ గుర్తే సరైనది. అక్కడ రెండు రాకర్లూ వేళ్ళతో కదిపితే కొద్దిగా టకటకలాడాలి. ఒకటి బిగుసుకుని ఉంటే మీరు ఒక చుట్టు తేడాలో ఉన్నారేమో, ఇంకో పూర్తి చుట్టు తిప్పి చూడండి.

చిన్న ఇంజన్లలో గ్యాప్ 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది; చాలావాటిలో ఎగ్జాస్ట్‌కి కాస్త ఎక్కువ, ఎందుకంటే ఆ వాల్వు వేడికి ఎక్కువ సాగుతుంది. ఫీలర్ రేకుకి ఇంజన్ ఆయిల్ పల్చగా రాసి రాకర్ స్క్రూ కొసకి, వాల్వు కాడకి మధ్య దూర్చండి. మూసిన పుస్తకంలోంచి కాగితం లాగితే ఎలా తగులుతుందో అంత పట్టు తగలాలి. జారిపోతే వదులు, వంగి ఆగితే బిగువు. లాక్ నట్ వదులు చేసి స్క్రూ సర్ది, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించండి. బిగించేటప్పుడు స్క్రూ వెంట్రుకవాసి తిరిగి తీరుతుంది. అందుకే నట్ బిగిశాక రేకు మళ్ళీ పెట్టి చూడాలి. మొదటిసారి చేసేవాళ్ళకి మూడు నాలుగు ప్రయత్నాలు పడతాయి, కంగారు అక్కర్లేదు.

టాపెట్ శబ్దం వస్తోందని సున్నా గ్యాప్ పెట్టేయడం పెద్ద పొరపాటు. వదులు టాపెట్ గోల చేస్తుంది, అంతే. బిగువు టాపెట్ మాత్రం నోరెత్తదు. వాల్వు పూర్తిగా మూసుకోదు, సీటుకి వేడి వదిలే సమయం దొరకదు, అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది. అనుమానం ఉంటే వదులు వైపే ఉండండి. దీనికి మినహాయింపు పుష్‌రాడ్‌లున్న (కింది నుంచి రాకర్లని తోసే కడ్డీలు) పాత ఇనప సిలిండర్ బుల్లెట్లు. వాటిలో చల్లటి ఇంజన్ మీద గ్యాప్ సున్నానే. పుష్‌రాడ్ వేళ్ళతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు.

ప్లగ్గు, పాయింట్లు

తీసిన ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో లేదా బూడిద రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా గాలి చాలడం లేదు. తడిగా, నూనె జిడ్డుతో ఉంటే రింగులు గానీ వాల్వు సీళ్ళు గానీ అరిగాయి. తెల్లగా పొక్కులొచ్చినట్టుంటే పెట్రోలు చాలడం లేదు లేదా ఎక్కడో దొంగగాలి లాగుతోంది. కార్బురేటర్‌కీ హెడ్‌కీ మధ్య ఉన్న రబ్బరు పగిలిందేమో చూడండి.

గ్యాప్ 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య, మాన్యువల్ చెప్పినంత. వంచేది బయటి కొక్కెం ఒక్కటే. ప్లగ్గు ఎక్కించేటప్పుడు పానా వాడకుండా వేళ్ళతోనే చివరిదాకా తిప్పాలి. మధ్యలో పట్టేస్తే వెనక్కి తీసి మళ్ళీ పెట్టండి, మొండిగా తిప్పితే హెడ్ మర పోతుంది. వేళ్ళతో ఆనిన తర్వాత వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుకి పానాతో అర చుట్టు, వాడిన ప్లగ్గుకి చుట్టులో పన్నెండో వంతు. గడియారం ముల్లు ఒక గంట జరిగినంత మాత్రమే.

సీడీఐ (పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో నిప్పు పుట్టించేది) ఉన్న బండికి ఈ కింది పని లేదు. పాయింట్లుంటే పూర్తిగా తెరుచుకున్నచోట గ్యాప్ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. ముఖాలు కాస్త మసకబారితే సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. ఒకవైపు గుంట, రెండోవైపు బొడిపె తేలితే, లేదా కొత్త ఆయిల్ పోశాక ఇంజన్ నడుస్తుండగా పాయింట్ల దగ్గర లావుపాటి నిప్పు కనిపిస్తే కండెన్సర్ మార్చాలి. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. అంటే గ్యాప్ ముట్టుకున్న ప్రతిసారీ ‘ఎఫ్’ గుర్తు దగ్గర సరిగ్గా తెరుచుకుంటున్నాయా అని చూడాల్సిందే. కామ్‌కి ఆనుకునే ఫెల్ట్ ముక్కకి రెండు చుక్కల ఆయిల్ వేయండి. ఎక్కువైతే పాయింట్ల మీదకి చిమ్మి బండి మొండికేస్తుంది.

ఎయిర్ ఫిల్టర్

స్పాంజి ఫిల్టర్‌ని కిరసనాయిలులోనో సబ్బు నీళ్ళలోనో పిసికి కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోలులో కడగవద్దు. అంటించిన జిగురు ఊడిపోతుంది, నిప్పు ప్రమాదం సరేసరి. మెలిపెట్టి పిండితే చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కాలి. ఆరాక ఇంజన్ ఆయిల్‌లోనో గేర్ ఆయిల్‌లోనో తడిపి, బాగా నొక్కి పిండేయండి. ఆయిల్ లేని స్పాంజి సన్న దుమ్ముని ఆపలేదు. కాగితం ఫిల్టర్ అయితే లోపలి నుంచి బయటికి గాలి కొట్టండి, నల్లబడితే మార్చడమే.

కొత్త ఆయిల్

డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేసి బిగించండి. పాత వాషర్ ఒకసారి నలిగి ఉంటుంది కాబట్టి కారుతుంది, కారుతోందని ఇంకా బిగిస్తారు, క్రాంక్‌కేస్ మర పోతుంది.

ఈ బండ్లలో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్ళలో రాపిడి తగ్గించే మందులుంటాయి. అవి ప్లేట్లని జారేలా చేస్తాయి. రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్నది కొనండి. గ్రేడు మాన్యువల్ చెప్పినదే.

100 సీసీ బండ్లకి చాలావరకు 800 మిల్లీలీటర్ల నుంచి లీటరు దాకా పడుతుంది. చెప్పినదాంట్లో ఓ వంద మిల్లీలీటర్లు తక్కువ పోసి, టాపెట్ మూతలు, ప్లగ్గు బిగించి ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో మూడు నిమిషాలు ఆగి కొలవండి. బండి డబుల్ స్టాండ్ మీద నిటారుగా ఉండాలి. కొన్ని బండ్లలో ఆయిల్ కొలిచే స్టిక్‌ని మరలోకి తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, కొన్నింట్లో పూర్తిగా బిగించి తీయాలి. ఇది తెలియకపోతే కొలతే తప్పు వస్తుంది. గీత దాటి పోయడం కూడా నష్టమే. ఇంజన్ లోపలి గాలి బయటికి వదిలే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి నూనె తోస్తుంది.

చైన్, తర్వాతే బ్రేకు

చైన్ సర్దితే వెనక చక్రం వెనక్కి జరుగుతుంది, డ్రమ్ము బ్రేకు రాడ్ లాగుకుని బ్రేకు బిగుస్తుంది. అందుకే ముందు చైన్, తర్వాత బ్రేకు.

మామూలు చైన్‌ని కిరసనాయిలు, బ్రష్షుతో కడగండి. ఓ-రింగ్ చైన్ (లింకుల మధ్య రబ్బరు రింగులున్నది) అయితే మెత్తటి బ్రష్షు వాడండి. పెట్రోలు, ఇనప బ్రష్షు ఆ రింగుల్ని చంపేస్తాయి. ఇంజన్ ఆన్ చేసి గేర్లో వేసి తిరిగే చైన్‌కి గుడ్డ పట్టడం ఎప్పటికీ చేయకండి. వేళ్ళు స్ప్రాకెట్‌లోకి పోయేది అలాగే. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి.

కింది చైన్ మధ్యలో స్కేలు పెట్టి పైకీ కిందకీ కదిపితే మొత్తం 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల కొలిచి, ఎక్కడ బిగువుగా ఉందో అక్కడ సర్దండి. వదులుగా ఉన్నచోట సర్దితే బిగువు చోటికి వచ్చేసరికి గేర్‌బాక్స్ బేరింగు మీద భారం పడుతుంది. రెండువైపులా గుర్తులు సమానంగా ఉండాలి.

అరుగుదల తెలుసుకోవాలంటే స్కేలు చాలు. చిన్న బండ్లలో ఎక్కువగా ఉండే 428 చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ దూరం 12.7 మిల్లీమీటర్లు. ఇరవై లింకులు లాగిపట్టి కొలిస్తే కొత్తదానికి 254 రావాలి. 259కి చేరితే దాని పని అయిపోయింది. చైన్‌తో పాటు రెండు స్ప్రాకెట్లూ మార్చాలి, లేకపోతే కొక్కేల్లా వంగిన పాత పళ్ళు కొత్త చైన్‌ని త్వరగా తినేస్తాయి. చైన్ లాక్ క్లిప్పు మూసిన వైపు చైన్ కదిలే దిశకి ఉండాలి. తిరగేసి పెడితే ఏ రాయో తగిలి ఊడుతుంది.

ఇరుసు నట్ బిగించేటప్పుడు బ్రేకు పెడల్ నొక్కి ఉంచండి, బ్రేకు షూలు డ్రమ్ములో మధ్యకి సర్దుకుంటాయి. తర్వాత పెడల్ చివర 20 నుంచి 30 మిల్లీమీటర్ల వదులు వచ్చేలా రాడ్ నట్ తిప్పండి. షూల లైనింగు 2 మిల్లీమీటర్లకి తగ్గితే మార్చాలి. డ్రమ్ము విప్పినప్పుడు దుమ్ముని నోటితో గానీ గాలి గొట్టంతో గానీ ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవండి. షూలని విడదీసే కామ్‌కి గ్రీజు గోటి కొసంతే. ఎక్కువైతే వేడికి కరిగి లైనింగు మీదకి జారుతుంది.

డిస్కు ఉంటే ప్యాడ్ మీది గాడి గీత అరిగిపోయిందేమో చూడండి. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీలుస్తుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలి. మూత మీద ఏ డాట్ నంబరు ఉంటే అదే పోయాలి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

చిన్న చిన్నవి

క్లచ్ లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు వదులు, యాక్సిలరేటరు పిడిలో 2 నుంచి 6. కేబులు చివర ఒక్క పోగు తెగి కనిపించినా మార్చేయండి. బ్యాటరీలో ప్లేట్లు తేలితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, పై గీత దాకా. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు పైన చూపాలి. ఇంజన్ రేస్ మీద 13.5 నుంచి 14.5. పదిహేను దాటితే రెగ్యులేటరు పోయింది, బల్బులు మాడతాయి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. స్పోకుల్ని పానాతో తట్టుకుంటూ వెళ్ళండి. అన్నీ ఒకేలా మోగుతుంటే మధ్యలో ‘తప్’ మన్నది వదులుది. ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే సరిగ్గా మధ్యలో గాడిలో పడినట్టు ఆగుతుంటే స్టీరింగ్ బేరింగులకి గుంటలు పడ్డాయి. బిగిస్తే పోదు, మార్చాలి.

ఆఖరున కార్బురేటర్

పెట్రోలు ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ అడుగున ఉండే ఫ్లోట్ గిన్నె కింది స్క్రూ వదిలి ఉన్న పెట్రోలు సీసాలో పట్టండి. తుప్పు రజను, నీటి బొట్లు కనిపిస్తే రోగం ట్యాంకులో ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. పెట్రోలు స్వచ్ఛంగా ఉన్నా చోక్ తీస్తే స్లోలో ఆగిపోతుంటే పైలట్ జెట్ (స్లోలో పెట్రోలు అందించే సన్న రంధ్రం) మూసుకుంది. జెట్ ఇత్తడిది, ఇనప తీగ పెడితే రంధ్రం పెద్దదవుతుంది. గాలి కొట్టండి, లేదా కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు వాడండి.

ఇప్పుడు పది కిలోమీటర్లు నడిపి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఆరుబయట నిలబెట్టండి. మిక్స్చర్ స్క్రూ (గాలి, పెట్రోలు పాళ్ళు సర్దేది) ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని సర్దేది, లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలుని సర్దేది, లోపలికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది. ఈ తేడా తెలియకే చాలా సర్దుబాట్లు తలకిందులవుతాయి. స్క్రూని మెల్లగా ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తీసి మొదలుపెట్టండి. ముందు స్లో స్క్రూతో వేగం కాస్త పెంచి, మిక్స్చర్‌ని పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజన్ అత్యధికంగా, నిలకడగా తిరిగే చోటు పట్టుకోండి. తర్వాత స్లోని నిమిషానికి 1,300 లేదా 1,400 చుట్లకి దించండి.

ఇంజన్ స్లోలో నడుస్తుండగానే హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. వేగం ఏమాత్రం పెరిగినా కేబులు ఎక్కడో లాగుకుంటోంది. దారి సరిచేసి, వదులు మళ్ళీ కొలిచే దాకా ఆ బండి రోడ్డెక్కకూడదు.